రచన కాదు, సేకరణ

ముందే చెప్పేస్తున్నాను. చిన్నదాన్ని చిన్నగా చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో బల్లి కనిపిస్తే, నా నోట్లోంచి అది మొసలై బయటికొస్తుంది. మా ఆవిడ నేను చెప్పే ప్రతి మాటనూ నాలుగుతో భాగించి నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి. ఒక్కటి మాత్రం భాగించకండి: ఆ పాట నేనే రాశాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో కొత్త సంగీత నాటకాల పోటీ పెట్టారు. కథ, పాట, బాణీ అన్నీ సొంతవై ఉండాలన్నది షరతు. అప్పటిదాకా నేను వేరేవాళ్లు రాసిన నాటకాల్లో మంత్రిని, సేనాపతిని, ఒకసారి గుర్రం వెనక భాగాన్ని. వాల్‌పోస్టరు మీద 'రచన' అన్న మాట పక్కన నా పేరు చూసుకోవాలి, అదొక్కటే నా కోరిక. బోరుబావుల మీద నాటకం రాశాను. రైతు బోరు మీద బోరు వేస్తుంటాడు, నీళ్లు పడవు. బోరు మిషనే అందులో రాక్షసుడు. ఆ వేషం వేసినతను దగ్గితే పక్క మండలంలో కరెంటు పోయేది.

మొత్తం ఏడు పాటలు. ఆరింటికి మా హార్మోనియం ఆయన బాణీలు కట్టాడు. మొదటిది వినగానే హార్మోనియం పెట్టె మీద చెయ్యి పెట్టి ఆపేశాను.

"గిది పాత సినిమా పాట గాదా?" అన్నాను.

"కాదన్నా. గది మెల్లగ నడుస్తది, గిది జర ఉరుకుతది."

"మరి రెండోది?"

"గది భజన. గుడిల పాడేదాన్ని రాక్షసుని నోట్ల వెట్టిన. ఎవ్వలు గుర్తువడ్తరు?"

"సొంతది గావాలన్నరు గదనయ్యా!"

"పెట్టె నాది, వేళ్లు నాయి. ఇంకేం సొంతం గావాలె నీకు?"

ఏడో పాటను మాత్రం అతని చేతికివ్వలేదు. దేవరకొండ నుంచి వచ్చే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని ఉండగా, మాటా బాణీ కలిసే వచ్చాయి. చివరి బోరులోనూ నీళ్లు పడకపోయేసరికి రైతు భార్య పాడుతుంది:

బోరుగుంతల గంగ నిద్రవోయిందో
లేపబోతే దుమ్ము లేచి వచ్చిందో

ఇంత మంచి మాట నాకెలా వచ్చిందా అని నాకే భయమేసింది.

పోటీ రోజు జిల్లా అంతా హాల్లోనే ఉంది. జాగా దొరకనివాళ్లు అచ్చంపేట అడవిలో చెట్లెక్కి చూశారు. ఎత్తుకొచ్చిన ఆరు బాణీలూ సాఫీగా సాగిపోయాయి. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన, రిటైరైన తెలుగు లెక్చరర్, ఒక్కో పాటకూ "ఎంత కొత్తగా ఉంది!" అని తలూపుతుంటే, హార్మోనియం ఆయన నాకేసి చూసి కన్ను కొట్టాడు.

ఏడో పాట మొదలైంది. నాట్లు వేసేటప్పుడు ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు దాన్ని తిరిగి అంటారు. కుర్చీలో కూర్చోబెట్టినంత మాత్రాన ఆ అలవాటు పోతుందా? మూడో వరసలో ఒక అవ్వ అందుకుంది. ఆమె పక్కనామె అందుకుంది. మూడో చరణానికల్లా నలభై వేలమంది ఆడవాళ్లు పాడుతున్నారు. నాటకం ఆగిపోయింది.

పెద్దాయన ముఖం వెలిగింది. "అవ్వా, ఈ పాట నీకు తెలుసా?"

"తెల్వకపోవుడేంది సారూ? మా అత్త నాట్లల్ల పాడేది."

నేను తెర తోసుకుని వేదిక మధ్యకు దూకాను. "అవ్వా, మీ అత్త కాలంల బోర్లున్నయా?"

"బోర్లెక్కడియి కొడుకా, బాయి ఉండె. నువ్వు బాయి తీసి బోరు వెట్టినవ్. మంచిగనే వెట్టినవ్."

చప్పట్లకు పైకప్పు రెండడుగులు లేచి మళ్లీ కూర్చుంది.

"ఇది నేను బస్సుల రాసిన, అవ్వా!"

"రాసే ఉంటవ్ బిడ్డా. మర్చిపోతం గద, రాసుకోవాలె."

నేను మూడు చరణాలకు ఆపేసిన పాటకు ఆమె నాలుగోది ఎత్తుకుంది:

దుమ్ము వడ్డదంటు కండ్లు తుడువకురో
ఏడ్వనీకె నాకు సాకు దొరికిందో

ఆ చరణం నా కాగితంలో లేదు. వాళ్ల అత్తదో, అప్పటికప్పుడు ఈమె కట్టిందో తెలియదు. అడిగితే "పాటల ఉన్నదే పాడిన" అంది.

కొత్త బాణీల బహుమతి హార్మోనియం ఆయనకు వచ్చింది. మరుగునపడిన పాటను వెలికితీసినందుకు నాకు శాలువా కప్పారు. ఇప్పటికీ ఏ ఊళ్లో ఆడినా వాల్‌పోస్టరు మీద నా పేరు పక్కన 'సేకరణ' అనే వేస్తున్నారు. మార్చమంటే, "పెద్ద మాటనే గదన్నా, ఫికరెందుకు?" అంటారు. నాలుగో చరణం లేకుండా పాడితే జనం ఊరుకోరు. అది ఎలాగూ సేకరణే.

ఇక కల్పించిందేదో చెప్పాలి. నలభై వేలమందినీ, చెట్లెక్కినవాళ్లనూ మీరే పట్టేసి ఉంటారు. అసలు కల్పన, నేను వేదిక మీదికి దూకడం. బోర్ల సంగతి అడిగింది పెద్దాయన. బస్సులో రాశానని నేను అన్నది ఆట అయ్యాక, మెట్ల దగ్గర, ఆ అవ్వకొక్కదానికే వినపడేట్టు. ఆమె నాలుగో చరణం ఎత్తుకున్నప్పుడు నేను తెర పక్కనే, నోరు మూసుకుని నిలబడి ఉన్నాను. 'కండ్లు తుడువకురో' అని ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాతి పాదం అప్పటికే నా నోట్లో ఉంది.