నాయన కంటి పొడవు

పోయిన వారం హిందూపురంలో నా ఎడమకంటి శుక్లానికి ఆపరేషను చేసే ముందు, ఒక అమ్మాయి నా గడ్డాన్ని యంత్రానికి ఆనించి కన్ను ఎంత పొడవుందో, నల్లగుడ్డు ముందుభాగం ఎంత వంపుందో కొలిచింది. ఇవన్నీ కలిపి చూస్తేనే లోపల పెట్టే అద్దం పవరు తేలుతుందట; దూరం ఆనని పొడుగు కంటికి తక్కువ, పొట్టి కంటికి ఎక్కువ. డాక్టరు ఓపికగా చెబుతుంటే నాకు మాత్రం అరవై ఏళ్ళు ఆలస్యంగా ఒళ్ళు మండింది.

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేసేవాడు. చిన్నప్పటినుంచీ ఆయనకు దూరం ఆనేది కాదు, వీధిలో వచ్చే మనిషిని గొంతును బట్టి పోల్చుకునేవాడు. మగ్గం మీద తెగిన పోగును మాత్రం ఇట్టే పట్టేవాడు. పెనుకొండ కంటి శిబిరంలో ఆయనకూ మా మేనత్తకూ ఒకేరోజు శుక్లాలు తీశారు. అప్పట్లో లోపల అద్దం పెట్టడం లేదు కదా, సీసా అడుగులాంటి కళ్ళద్దాలను పెట్టెలోంచి తీసి అందరికీ ఒకే రకానివి పంచారు.

అత్తకు లోకం తిరిగొచ్చింది. కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, పోగు కనబడక తడుముకుంటున్న నాయనను పొద్దున లేచింది మొదలు సాధించేది.

"కిందికి జార్చుకోరా మొండోడా. నాకు కనపడ్తాంటే నీకొక్కనికి ఏమొచ్చిండాది?"

జార్చుకుంటే ఆయనకు ఇంకా మసక. వీధిలో ప్రతివాడూ వచ్చి అదే సలహా చెప్పి, మజ్జిగ తాగి పోయేవాడు. సావుకారు పట్టు ఇవ్వడం ఆపేశాడు. నాయన మగ్గం దిగి, మా ఆడవాళ్ళ మధ్య, వేరేవాళ్ళ మగ్గాలకు దారపు కండెలు చుట్టడానికి కూర్చున్నాడు.

ఎవరూ చూడనప్పుడు ఆయన ఆ అద్దాలను రెప్పలకు తగిలేదాకా పైకి అదుముకునేవాడు. అప్పుడు కొంచెం తేటపడేది. అత్త పద్ధతికి సరిగ్గా తలకిందులు. ఆ లావు అద్దం కంటికి దూరం జరిగితే బలం పెరుగుతుంది, దగ్గరైతే తగ్గుతుంది; అంటే ఆయనకు ఆ పవరు ఎక్కువైందని శ్రావణంలోనే డైరీలో రాసుకున్నాను. రాసుకొని, పెద్దల ముందు నోరు తెరవలేక, ఊరుకున్నాను.

మార్గశిరంలో, శిబిరంలో ఆపరేషను చేసిన డాక్టరు మళ్ళీ పెనుకొండ వచ్చినప్పుడు నాయన వెంట నేనూ వెళ్ళాను. ఎవరినీ ముట్టనివ్వని ఆ డైరీని, ఆ పేజీ దగ్గర తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి నాయనవైపు తిరిగాడు.

"నీకు ముందునుంచీ దూరం కనపడదా? ఈ మాట అప్పుడే చెప్పొద్దా?"

"ఎవురూ అడగలేదు సామీ."

తక్కువ పవరు అద్దాలు ఒక్కొక్కటే మార్చి చూపించారు. నాలుగోదానికి నాయన తన తువ్వాలు నుంచి పోగు లాగి, తెంపి, ముడి వేశాడు.

కొత్త కళ్ళద్దాలు వచ్చాక మళ్ళీ మగ్గం ఎక్కాడు గానీ, పెద్ద అంచు చీరలు అప్పటికే వేరేవాళ్ళ చేతుల్లోకి పోయాయి. ఆయనకు సాదావే మిగిలాయి. ఒకరోజు డాక్టరుకు చూపించిన పేజీ చదవమన్నాడు. అలవాటు కొద్దీ తేదీతో సహా చదివాను.

"శ్రావణంలోనే తెలిసిండెనా నీకు?" అన్నాడు. అంతే, మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇప్పుడు మా ఇంటి ఆడపిల్లలు తోచింది తోచినట్టు పెద్దల ముఖానే అనేస్తారు. వినలేక నాకు విసుగొస్తుంది. అయినా ఊరుకోమని ఏనాడూ అనలేదు.