కోచ్‌గారి మీద నా సాక్ష్యం

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఉండగా, నా నోటిమాటతో ఒక మనిషి ఉద్యోగం పోయింది. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అబద్ధం చెప్పి ఉంటే తప్పు ఒప్పుకుని ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

మాది అమలాపురానికీ ముమ్మిడివరానికీ మధ్య ఒక ఊరు. మా హైస్కూలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టంటే చుట్టుపక్కల మంచి పేరుండేది. నేను ఏడో తరగతిలోకి వచ్చిన ఏడాది, ఒక్క పొడుగమ్మాయి తప్ప ఆ జట్టంతా పదో తరగతి పాసై వెళ్లిపోయింది. పాత డ్రిల్లు మాస్టారు కూడా రిటైరయ్యారు. మిగిలినవాళ్లం చిన్నపిల్లలం, బంతి రెండు చేతులకీ సరిగా అందేది కాదు. స్కూలు కమిటీవారు కాట్రేనికోన వైపు నుంచి ఒక కుర్రాణ్ణి మాకు కోచ్‌గా తెచ్చారు. ఇరవై మూడేళ్లుంటాయి. రెండేళ్లలో జట్టుని నిలబెడితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారట. ఇంట్లో సంపాదించేవాడు ఆయనొక్కడేనని మాకు తరువాత తెలిసింది.

ఆ రెండేళ్లూ మేం ఓడిపోతూనే ఉన్నాం. అమలాపురంలో ఓడిపోయాం, రాజోలులో ఓడిపోయాం. చివరికి మా ఊళ్లో, మా కోర్టులో, మా అమ్మల ఎదురుగా కూడా ఓడిపోయాం.

మా పక్కింటి బాబాయిగారు ఆ కమిటీలో ఒక మెంబరు. కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. మా నాన్న దుబాయిలో ఉండేవారు కాబట్టి, నాకు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే, జ్వరం వస్తే రిక్షా పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లిందీ ఆయనే. ఆయనంటే నాకు ప్రాణం. సాయంత్రం ఆట నుంచి రాగానే అరుగు మీద కూర్చోబెట్టుకుని, “ఏవమ్మా, ఇవాళేం ఆడించేడు మీ కోచ్?” అని అడిగేవారు. పెద్దవాళ్లు నన్ను కూర్చోబెట్టి అడిగిన విషయం అదొక్కటే. నేను లేచి నిలబడి కోచ్‌గారిలా ఈల వేసి, చేతులు తిప్పి, ఆయన గొంతుతో మాట్లాడి చూపించేదాన్ని. బాబాయిగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేవారు. ఆ నవ్వు కోసం నేను రోజూ ఏదో ఒకటి ఏరుకుని తెచ్చేదాన్ని.

ముఖ్యంగా మూడు సంగతులకి ఆయన బాగా నవ్వారు. మొదటిది, కోచ్‌గారు నాలుగు నెలలపాటు మమ్మల్ని బుట్టలో బంతి వెయ్యనివ్వలేదు. వట్టి చేతులతో పరిగెత్తించి, ఈల వెయ్యగానే ఉన్నచోట ఆగమనేవారు. రెండోది, రాజోలు పోటీలో ఒక్క బుట్ట తేడాలో ఉండగా, బాగా ఆడుతున్న పొడుగమ్మాయిని బయటకి పిలిచి ఏడో తరగతి పిల్లని లోపలికి పంపారు. మూడోది, మా ఊళ్లో చిత్తుగా ఓడిన రోజున అందరికీ పుల్లైసు కొనిపెట్టారు.

ఆ మూడూ ఎందుకు చేశారో నాకు తెలుసు. ఆయనే మమ్మల్ని కోర్టు గట్టు మీద వరసగా కూర్చోబెట్టి చెప్పారు. పరిగెత్తుతూ ఆగడం కాళ్లకి వస్తే చెయ్యి తరవాత తేలిగ్గా కుదురుతుందన్నారు. పొడుగమ్మాయి ఈ ఏడాదితో వెళ్లిపోతుంది, గట్టి పోటీలో నిలబడ్డం ఎలాగో పైఏడు ఆడవలసినవాళ్లు ఇప్పుడే తెలుసుకోవాలన్నారు. ఓడితే ఇంట్లో తిడతారన్న భయంతో ఆడేవాళ్లు చేతికొచ్చిన బంతి కూడా వదిలేస్తారు, అందుకే పుల్లైసు అన్నారు. ఇదంతా నేను బాబాయిగారికి చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అందులో నవ్వడానికేమీ లేదు.

రెండో ఏడాది చివర ఒక శనివారం మధ్యాహ్నం, లెక్కల క్లాసులో ఉండగా బంట్రోతు వచ్చి హెడ్మాస్టరుగారు రమ్మంటున్నారని పిలిచాడు. గదిలో కమిటీవాళ్లు కుర్చీల్లో ఉన్నారు. కోచ్‌గారు బీరువా పక్కన నిలబడి ఉన్నారు. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు. బాబాయిగారు నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది.

“ఇది నేనంటున్న మాట కాదండి. రోజూ ఆడే పిల్లే చెప్పింది,” అని బాబాయిగారు, నేను అరుగు మీద ఆడి చూపించినవన్నీ ఒకటొకటిగా చెప్పారు. నవ్వులాటకి చెప్పినవి ఆయన నోట నేరాల్లా వినిపించాయి. చివర్న నా వైపు తిరిగి, “ఇవన్నీ జరిగేయా లేదా అమ్మా?” అన్నారు.

జరిగాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. “ఆయ్, జరిగేయండి,” అన్నాను.

హెడ్మాస్టరుగారు కోచ్‌గారిని మీరేమంటారని అడిగారు. ఆయన నా వైపు ఒకసారి చూశారు. నేను అబద్ధం చెబుతున్నానని అని ఉంటే, పిల్ల మాట కదా, కొట్టిపారేసేవారేమో. ఆయన అలా అనలేదు. “అమ్మాయి చెప్పింది నిజవేనండి. అన్నీ నేను చేసినవే. ఎందుకు చేసేనో చెప్పమంటే చెప్తానండి,” అన్నారు. ఎవరూ చెప్పమనలేదు. ఓడిపోవడానికి కారణాలెందుకులెండి అని ఒక మెంబరు లేచి కండువా సర్దుకున్నారు.

ఆ సాయంత్రం కూడా కోచ్‌గారు కోర్టుకి వచ్చారు. నేను మొహం చాటేసి చివర నిలబడ్డాను. ఏమీ జరగనట్టే ఆడించి, బంతులు లెక్కపెట్టి గదిలో పెట్టించి, వెళుతూ నా దగ్గర ఆగారు. “ఆగేటప్పుడు ఎడంకాలు ఇంకా జారుతోందమ్మా. చూసుకో,” అన్నారు. తిడితే బాగుండునని నాకు అప్పుడే అనిపించింది. తరవాత ఆయన రొయ్యల చెరువుల దగ్గర పనికి కుదిరారని విన్నాను.

ఆయన స్థానంలో వచ్చింది బాబాయిగారి బావమరిది. అది తెలిసిన రోజు నేను అరుగు దగ్గరికి వెళ్లి, “నవ్వడానికే అడిగేరనుకున్నాను బాబాయిగారూ,” అన్నాను. ఆయన ఏమీ తడుముకోలేదు. “నువ్వు లేనిదేం చెప్పలేదు కదమ్మా. ఇంకెందుకు బాధ?” అన్నారు.

మరుసటి ఏడాది కొత్తపేటలో మేం కప్పు గెలిచాం. ఎదటివాళ్లు పరిగెత్తి జారి పడుతుంటే మేం ఉన్నచోట ఆగి, తీరిగ్గా చూసి బంతి వేశాం. రాజోలులో పొడుగమ్మాయి బదులు దిగిన చిన్నపిల్లే అన్నిటికంటే ఎక్కువ బుట్టలు వేసింది. దండ కొత్త కోచ్ మెడలో పడింది. ఫోటోలో నేను ముందు వరసలో ఉన్నాను, నా మొహం చూస్తే గెలిచినదానిలా ఉండదు. మా అందరికీ తెలుసు ఆ కప్పు ఎవరిదో. ఒక్కరమూ నోరు విప్పలేదు.

బాబాయిగారు పోయినప్పుడు వెళ్లాను. ఏడ్చాను కూడా. నాకు చేసిన మేలేదీ మరిచిపోలేదు, ఆ శనివారం చేసిన పనిని క్షమించనూ లేదు. ఆ ప్రేమంతా నా చేత మాట్లాడించడానికేనా, లేక ప్రేమ ప్రేమే, అవసరం అవసరమేనా అన్నది ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. నన్ను ఎవరైనా ముద్దుగా కూర్చోబెట్టుకుని మరొకరి గురించి అడిగితే, ఈ వయసులో కూడా మాట మార్చి లేచిపోతాను.

ఆటలు నేర్పే ఉద్యోగమే నాకూ దొరికింది. కొత్తగా చేరిన కుర్ర కోచ్‌ల పనితనం చూసి చెప్పమని నన్ను అప్పుడప్పుడు కమిటీలకి పిలుస్తుంటారు. వరసగా ఓడుతున్న జట్టయితే, గదిలో ముందే ఒక నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. నన్ను అవును, కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలే అడుగుతారు. నేను అన్నిటికీ నిజమే చెబుతాను. తరవాత, ఇక మీరు వెళ్లొచ్చండి అన్నాక కూడా లేవను. ఆ కుర్రాణ్ణి లోపలికి పిలిచి, కుర్చీ వేయించి, ఎందుకలా చేశావో చెప్పు బాబూ అంటాను. ఆ మాట అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదమూడేళ్లప్పుడు కూడా అక్కర్లేదు.