మావయ్య ఓడ ఒడ్డుకు చేరిన ఏడు

మా మావయ్య డెబ్బై ఒకటో సంవత్సరం యుద్ధంలో డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక మీద పనిచేశాడు. మీద అనడం కన్నా లోపల అనడం న్యాయం. ఆయన డ్యూటీ అడుగున బాయిలర్ గదిలో. యుద్ధం ఎలా జరిగిందండీ అని ఎవరడిగినా, ఆవిరి గేజీలో ముల్లు ఎక్కడుందో చెప్పేవాడు. ఆయన చూసిన యుద్ధం అదే మరి.

గూడూరులో మా చర్చి సంఘానికి ఏటా డిసెంబరు చివర కృతజ్ఞతా కూటం ఉంటుంది. ఆ ఏడు దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి ఐదు నిమిషాల్లో సాక్ష్యం చెప్పాలి. మావయ్య మాత్రం ఓడ పుట్టుకతో మొదలుపెట్టేవాడు. ఇంగ్లండులో దాని అడుగు దూలం వేసిన రోజు, తెల్లవాళ్ల కింద అది చేసిన రెండో ప్రపంచ యుద్ధం, జెండా మార్చుకుని బొంబాయి రావడం, ఆపైన మూడు పెద్ద రిపేర్లు. వంశావళి చదివినట్టు ఒక్కటీ వదిలేవాడు కాదు. తీరా మన యుద్ధంలో రెండో బాయిలర్ వేడెక్కే చోటికి వచ్చేసరికి పాస్టరుగారు గంట కొట్టేవారు. డోలక్ అందుకునేది, పాట మొదలయ్యేది. ఇరవై ఏళ్లుగా ఆ ఓడ అరేబియా సముద్రం మధ్యలోనే ఉండిపోయింది.

కిందటి డిసెంబరులో మావయ్య మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"డెబ్బై ఐదు దాటాయమ్మాయ్. ఈసారైనా దాన్ని ఒడ్డుకు చేర్చాలి. నేను పోతే చెప్పేవాడు లేడు."

సండే స్కూలు చెప్పేదాన్ని కనుక ఆ భారం నా మీద పడింది. లేఖనాల్లో నలభై ఏళ్లు ఏలిన రాజు సంగతి కూడా ఏడెనిమిది వచనాల్లో ముగుస్తుంది. ఏలాడు, మంచివాడో చెడ్డవాడో ఒక మాట, ఆపైన సమాధి. మీ ఓడకీ అంత చాలన్నాను. ఆయన నొచ్చుకున్నాడు.

"మరి బాయిలర్‌కి నీళ్లందించే ఫీడ్ పంపు?"

"ఆ రాజులకీ ఏవో పంపులుండే ఉంటాయి మావయ్యా. రాయలేదంతే."

ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చెప్పించాను. మొదటిసారి ముప్పై ఎనిమిది నిమిషాలు. ఒక్కో రిపేరు తీసేస్తుంటే పన్ను పీకినట్టు బాధపడ్డాడు. వారం తిరిగేసరికి నాలుగున్నరకు దిగాడు.

కూటం రోజు నిజంగా అలాగే చెప్పాడు. ఓడ పుట్టింది, ఇద్దరు యజమానుల కింద కొలువు చేసింది, రెండు యుద్ధాల నుంచి తిరిగి వచ్చింది. ముసలిదయ్యాక పాత ఇనుము వ్యాపారులు కొని ముక్కలు చేశారు. దేవునికి స్తోత్రం అని ముగించాడు. గంట కొట్టబోయిన పాస్టరుగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఎవరూ ఆమేన్ అనలేదు. స్త్రీల శుక్రవారం ప్రార్థన నడిపే పెద్దావిడ లేచి నిలబడింది.

"ముక్కలు చేసి ఎన్నాళ్లయింది తమ్ముడూ?"

"నలభై ఏళ్ల పైమాటే అక్కయ్యా."

ఆవిడ పాస్టరుగారి వైపు తిరిగింది. "ఆ ఓడ క్షేమంగా రేవు చేరాలని ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం ప్రార్థన చేస్తున్నామండీ. ఉపవాసాలు కూడా ఉన్నాం. అవన్నీ ఎటు పోయినట్టు?"

నేను తల వంచుకున్నాను. ఓడ లేదని వారం ముందే తెలిసి కూడా, ఆ ముందటి శుక్రవారం దాని క్షేమానికి గట్టిగా ఆమేన్ అన్నదాన్ని.

పాస్టరుగారు చెయ్యి దించారు. "అందులో ఉన్నాయన చేరారు కదమ్మా."

పెద్దావిడ మావయ్యను పైనుంచి కింది దాకా చూసింది. అన్ని ఉపవాసాలకూ వచ్చిన ఫలం ఇదేనా అన్నట్టుంది ఆ చూపు.

"చేరారు గానీ, కుంటుతున్నారండీ."

ఆ శుక్రవారం ఓడ పేరున కృతజ్ఞత చెల్లించి, దాన్ని ప్రార్థన జాబితాలోంచి తీసేశాం. ఆ ఖాళీలో పెద్దావిడ మావయ్య మోకాళ్లు రాయించింది. కుడిదీ ఎడమదీ వేర్వేరుగా.