మా తమ్ముడు ఒకసారి లేచి నిలబడ్డడు

మా తమ్ముడు పోయిన వారం చనిపోయిండు. సంతాపసభల ఒక పార్టీ పెద్దమనిషి "ఆయన ఒక్కనాడు పార్టీ మాట దాటలే" అంటే మీరంతా తలలూపిండ్రు. మగ్గాల వాడవాళ్లు గూడ, జర వెటకారంగనే అయినా, ఊపిండ్రు. తప్పు. ఒకసారి దాటిండు. కండ్లార చూసినదాన్ని నేను.

హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల సంగతి. ఆయన మన ఎమ్మెల్యే. అసెంబ్లీల ఆయన పని, పార్టీ చెయ్యెత్తుమంటే ఎత్తుడు, దించుమంటే దించుడు, నడుమ ఒక కునుకు. "నిన్నెందుకు, నీ చెయ్యిని పంపితే సరిపోదా" అంటుంటి. "చెయ్యి ఒక్కతే బస్సెక్కదు గదక్కా" అనేటోడు.

నూలు మీద పన్ను బిల్లు వచ్చిన నాడు, కండ్ల డాక్టరు కోసం పట్నం పోయిన నేను, పైన సందర్శకుల వరుసల కూసున్న. బిల్లు వద్దనేటోళ్లు లేవాలన్నరు. ఎదుటి పక్షం లేచింది. ఇటు దిక్కు మా తమ్ముడొక్కడే లేచిండు. పక్కాయన ధోవతి పట్టి గుంజిండు. ఏమన్నడని తర్వాత అడిగితే, "నిద్రల లేచినవ్, కూసో అన్నడక్కా. ఇప్పుడే మేల్కొన్న అని చెప్పిన" అన్నడు.

బిల్లు నెగ్గింది. పేపర్లల్ల ఆ సంగతే వచ్చింది గని, లేచినోళ్ల పేర్లు రాలే.

కరీంనగర్ బస్సుల అడిగిన, "ఇగ పార్టీ ఇడుస్తవా?"

"కూర బాగలేదని ఇల్లిడుస్తమా?"

"మరి బాగలేదని మగ్గాల వాడల చెప్పు."

"సభల చెప్పిన. బజార్ల మావోళ్లను తిట్ట. నువ్వు గూడ చెప్పకు, నా మీద ఒట్టు."

పార్టీ మర్చిపోలే. మళ్ల టికెట్టియ్యలే. ఎవరికిచ్చిండ్రో ఆయన కోసమే మా తమ్ముడు ఊరూరు తిరిగి ఓట్లడిగిండు. మగ్గాల వాడకు పోతే, "నూలు పన్ను సారొచ్చిండు, పోగులు లోపల పెట్టున్రి" అన్నరట. నవ్వుకుంటనే ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, అన్నం వద్దన్నడు.

అంతకుముందు మా అరుగు మీది బెంచి ఖాళీగ ఉన్న పొద్దు లేదు. అర్జీలతోని కొందరు, వట్టి చాయ్ కోసం కొందరు. ఆ తర్వాత పార్టీవాళ్లు రాలే, వాడవాళ్లు రాలే. ఆయన రోజూ బెంచి తుడిచి, తలుపు దిక్కు కొసకు ఒదిగి కూసునేటోడు. "ఎవరున్నరని ఒదుగుతవ్? నడుమ కూసోరాదు?" అంటే, "ఎవరన్న వస్తరేమోనక్కా" అనేటోడు. ఆ బెంచికి వచ్చినదాన్ని నేనే, చాయ్ గిలాసలు పట్టుకొని. ఒక్క గిలాస చాయ్ పెట్టుడు నాకింకా చేతనైతలేదు. రెండు పెట్టి రెండూ నేనే తాగుతున్న.

పోయిన నాడు ఆయన మీద పార్టీ జెండా కప్పిండ్రు. ఆయనకిష్టమే, నేను కాదనలే. ఇగ ఒట్టంటరా, అది ఆయన మీద. ఆయనే లేడు.

మగ్గాల వాడవాళ్లు రేపు పొద్దున ఇద్దరు రండి. బెంచి పట్టుకపోయి మీ సంఘం ముంగట వేసుకోండి. ఇన్నేండ్లు ఒక దిక్కే కూసున్నడు గనక ఆ కొస కుంగింది. కాలు కింద చెక్కముక్క ఉంటది, అది గూడ తీస్కపోండి. ఎత్తేముందు జరసేపు దాని మీద కూసోండి, చాయ్ పెడ్త. తలుపు దిక్కు కొస మాత్రం ఇడిచి కూసోండి.