నాలుగు పేపర్ల ఆధారం

గురజాల శ్రీహరికి రెండు పనులు. ఒకటి, మండల విలేకరిగా పేపరుకు వార్తలు పంపడం. రెండోది, పైసా రాకపోయినా ప్రాణంగా చేసేది. ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో పల్నాటి ఊళ్ల గురించీ నాయకుల గురించీ రాస్తాడు. ఆధారం లేని ఒక్క మాటను కూడా తాను ఒప్పుకోనని టీ కొట్టు దగ్గర తెగ చెప్పుకునేవాడు. వినీ వినీ మాకు విసుగొచ్చేది.

వివాదాలకు పేరుపడ్డ మాజీ ఎమ్మెల్యే ఒకాయన పేజీలో ఎవరో ఊరూపేరూ లేనివాడు ఓ వాక్యం చేర్చాడు. వెనకటి ఎన్నికలప్పుడు ఆయన కారు మీద బాంబులు పడ్డది డ్రైవర్ కోటేశ్వర్లు అవతలి పార్టీవాళ్లకు కబురు చేరవేయడం వల్లేనట. ఆ దాడిలో నాయకుడు బతికాడు, కోటేశ్వర్లు పోయాడు. శ్రీహరి ఆ వాక్యాన్ని తీసేయలేదు. పక్కన ‘ఆధారం కావాలి’ అని గుర్తు పెట్టి, న్యాయం చేశాననుకున్నాడు.

కొన్నాళ్లకు ఆ నాయకుడు జబ్బు చేసి చనిపోయాడు. మండల విలేకరులది ఒక అలవాటు. ఒకరు వార్త రాసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, మిగతావాళ్లు మొదటి వాక్యం మార్చి ఎవరి పేపరుకు వాళ్లు తోసేస్తారు. ఆ రోజు రాసింది జాన్ సాహెబ్. నాయకుడి జీవితమంతా ఆ పేజీలోంచే ఎత్తాడు, ‘ఆధారం కావాలి’ అన్న ముక్క తప్ప. శ్రీహరి చదవకుండానే పంపాడు. మర్నాడు నాలుగు పేపర్లలోనూ ఆ మాట వచ్చింది. ఎవరో ఆ నాలుగింటినీ పేజీకి ఆధారాలుగా జోడించారు. నాలుగు పేపర్లు రాశాక ఇంకేం కావాలని శ్రీహరే తన చేత్తో ఆ గుర్తు తీసేశాడు.

కోటేశ్వర్లు భార్య నాగులమ్మ మిరపకాయ కోతలకు వెళ్లి బతుకుతుంది. ఆ కూలీల ముఠాలో సగం మంది ఆ నాయకుణ్ణి దేవుడనుకునేవాళ్లే. ద్రోహం చేసినవాడి పెళ్లాం తమతో రావద్దన్నారు. ఆమె పేపరు పట్టుకుని శ్రీహరి ఇంటికొచ్చింది.

“ఆ కారు తోలింది మా ఆయనేగా అబ్బాయ్. తను చస్తానని తెలిసి ఎవుడన్నా కబురు చేస్తాడా?”

ఆమె వెళ్లాక శ్రీహరి జాన్ సాహెబ్‌కు ఫోన్ చేస్తే, అది మీ పేజీలోదేగా అన్నాడాయన. తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో అన్నం కూడా ముట్టలేదు. ఆ నాలుగు వార్తలూ ఒకటేననీ, ఆ ఒక్కటీ ఈ పేజీలోంచే పోయిందనీ ఆ పేజీ చర్చలో రాశాడు. మిగతా సభ్యులు చూసి ఆ వాక్యం తొలగించారు. అంతవరకూ మెచ్చుకోవలసిందే.

మర్నాడు మిరప చేలోకి వెళ్లి, ఆ మాట తప్పని తీసేశారంటూ అందరికీ ఫోన్ చూపించాడు. ముఠా మేస్త్రి కాయ కోస్తూనే విన్నది.

“ఫోన్లో సంగతి మాకేం తెలుసు? మేం చూసింది పేపర్లో. పేపర్లో తప్పని ఏశారా?”

వేయలేదు. వేయమని శ్రీహరి అడగనే లేదు. అడిగితే చదవకుండా పంపిన సంగతి బయటపడి విలేకరి కార్డు పోతుంది. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. పనిలోకి రమ్మంటారేమోనని కొంగు నడుముకు బిగించి గట్టు మీద నిలబడ్డ నాగులమ్మ అతని మొహం చూసింది. కొంగు విప్పి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. ఆగమనే మొహం శ్రీహరికి లేకపోయింది.