మబ్రూక్ ఎడమ చెవి

జర్జీస్ రేవులో మబ్రూక్ ఎప్పుడు చూసినా చెవి దిబ్బడ వదలాలని ఆవలిస్తూనో, ముక్కు మూసుకుని గాలి బిగబట్టి ఊదుతూనో కనిపిస్తాడు. సముద్రం అడుగునుంచి స్పాంజీలు కోసుకొచ్చే అతనికి రెండేళ్లుగా ఎడమ చెవిలో దూది కుక్కినంత బరువు, సన్నటి పోటు. లోకమంతా దుప్పటి కింద మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మునిగితే కర్ణభేరి పగులుతుందని డాక్టరు చెప్పాడు. అయినా నిన్న తేటనీళ్లు రమ్మని పిలుస్తున్నట్టుంటే దూకేశాడు. రెండు బారల లోతుకు వెళ్లేసరికి చెవిలో సూది దిగినట్టయింది. ఇంకో బార కింద పెద్ద నల్ల స్పాంజీ కలలోలా మెల్లగా ఊగుతోంది. దాన్ని కాసేపు అలాగే చూసి, పైకి తేలాడు.

"ఏం బావా, ఉత్త చేతులేనా? చేపలు నవ్విపోతాయి!" అన్నాడు పడవలోని బావమరిది మొక్తార్.

"నవ్వనీరా. ఆ నవ్వు వినడానికి చెవైనా మిగిలింది" అన్నాడు మబ్రూక్.