సరస్వతీ పూజలో దొరల పుస్తకం

ఇంగ్లీషు ఎమ్మే చదివినవాళ్లకు ఇంగ్లీషు జోకులకు నవ్వు దానంతటదే వస్తుందని, టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని చిత్తూరులో మా బడి పెద్ద మేడం ఇచ్చిన పుస్తకం దులిపేసింది. విక్టోరియా రాణి కాలం నాటి హాస్యపు బొమ్మల పుస్తకమది. ఎర్రటి తోలు అట్ట, అంచులకు బంగారు పూత, ఎత్తితే చంటిబిడ్డంత బరువు. మేడం వాళ్ల తాతగారిదట. "పిల్లలు నాటకం ఆడేదానికి ఇందులోంచి ఒక కథ ఏరి నాకు చెప్పు పాపా. నేను నవ్వితే సెలవుల తర్వాత కూడా నీకు ఉద్యోగం ఉంటుంది" అన్నారావిడ. (ఆవిడ నవ్వగా చూసినవాళ్లు మా బడిలో ఎవరూ లేరు.)

డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. పొట్ట దొరలు, పొడుగు టోపీలు, గొడుగులు. ప్రతి మాటకూ అర్థం తెలిసింది గానీ నవ్వు మాత్రం రాలేదు. చివరికి గడియారం కథ ఒకటి కాస్త నయమనిపించి, పుస్తకం చూసి గడగడా చదివేస్తే గండం గడుస్తుందనుకున్నాను. మేడం దసరా సెలవులకు చెన్నై వెళ్తూ, ముందురోజు సాయంత్రం మా ఇంటికొచ్చి కథ విని, పుస్తకం తీసుకెళ్తానన్నారు. ఆ రోజే సరస్వతీ పూజ. నేను స్నానం చేసి వచ్చేసరికి మా అవ్వ ఇంట్లో పుస్తకాలన్నీ పీట మీద పేర్చి, అన్నిటికంటే పైన దొరల పుస్తకం పెట్టి, గంధం పూసి, ఇంత కుంకుమ బొట్టు పెట్టి, హారతి కూడా ఇచ్చేసింది!

"అయ్యో అవ్వా, అది దేవుడి పుస్తకం కాదే!"

"ఇంత బంగారం పూసినారు, దేవుడిది కాకుండా ఎవురిది మే?" అంది అవ్వ. మా వైపు పూజలో పెట్టిన పుస్తకాన్ని మర్నాడు మళ్లీ పూజ చేసేదాకా ముట్టకూడదు. బతిమాలాను, ఏడ్చాను. అవ్వ పీటకు అడ్డంగా కూర్చుంది.

సాయంత్రం మేడం వచ్చి, తాతగారి పుస్తకం మీది బొట్టు వంక అలా చూస్తూ నిలబడ్డారు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. అవ్వ మాత్రం నిబ్బరంగా, "కోపం చేసుకోవాకమ్మా. సరస్వతమ్మ చదువుకుంటా ఉండాది. రేపొచ్చి తీసకపో" అంది. మేడం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే, పుస్తకం లేకుండానే చెప్పు."

ఇంగ్లీషులో మొదటి వాక్యమే మర్చిపోయాను. గుర్తున్న ముక్కల్నే ఇంగ్లీషులో గొణిగాను. "ఏంది మే ఆ నసుగుడు? మాకు తెలిసేటట్టు సెప్పు" అని అవ్వ కసిరింది. ఇక తెగించాను. దొర మా వీధిలో ఒక పిసినారి మామ అయిపోయాడు, ఆయన చుట్టం నిమ్మకాయల సంచీతో గూడూరు నుంచి దిగాడు. చుట్టానికి భోజనం పెట్టాల్సొస్తుందని మామ నిలువెత్తు గోడ గడియారం పెట్టెలోకి దూరి దాక్కున్నాడు. చుట్టం ఆ గడియారం ముందే చతికిలబడి, "ఐదు కొట్టినాక పోతాలే" అన్నాడు. తను దూరడంతో గడియారం ఆగిపోయింది, అది కొట్టకపోతే ఈయన కదలడని మామ లోపలినుంచే టంగు టంగుమని ఐదుసార్లు అరిచాడు. దుమ్ముకు ఆరో గంటగా తుమ్మొచ్చింది, హాచ్! "ఓరి నీ, ఆరయిపోయినాదా! అయితే రాత్రికి తినే పోతా" అన్నాడు చుట్టం.

ముందు అవ్వ నవ్వింది, బోసినోరు కొంగుతో మూసుకుని. తర్వాత మేడం! కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, ఇంకోసారి తుమ్మమన్నారు. తుమ్మాను. "పిల్లలకూ ఇట్లనే చెప్పు. సెలవులైనాక వచ్చెయ్" అని, పుస్తకాన్ని అవ్వకే అప్పజెప్పి వెళ్లారు.

ఆ బడిలోనే ఇప్పుడు నా జుట్టు నెరిసింది. కొత్తగా టీచర్లుగా చేరిన ఆడపిల్లలు పాఠం పుస్తకాన్ని రెండు చేతులా గుండెలకు అదుముకుని క్లాసు గుమ్మం దగ్గర నిలబడతారు. వాళ్లలో ఆనాటి నన్ను చూసుకుని నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. దగ్గరికి పిలిచి, "ఈ పూటకి దాన్ని సరస్వతమ్మకి ఇచ్చెయ్ తల్లీ, నువ్వు ఉత్త చేతుల్తో లోపలికి పో" అంటాను.